రోస్టర్‌లో 15, మ్యాన్‌హోల్‌లో 68

మా వాడ పిల్ల ఒకతె హైదరాబాద్‌లో కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తోంది. ఆమె పేరు రాయం. కంపెనీ పేరూ రాయం. తల్లి ఇప్పటికీ మిరపకోతలకి పోతూనే ఉంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు చర్చి అరుగు మీద కూచుని మాకో సంగతి చెప్పింది.

వాళ్ల ఆఫీసులో ఏడాదికోసారి 'డైవర్సిటీ డే' అని చేస్తారంట. డైవర్సిటీ అంటే ఒక్కచోట రకరకాల మనుషులు ఉండటం. వైవిధ్యం అని పుస్తకాల తెలుగు. ఆ రోజు ఎవరి రాష్ట్రం బట్టలు వాళ్లు కట్టుకొస్తారు. పంజాబీ రొట్టెలు, బెంగాలీ మిఠాయిలు, మన పులిహోర వరసగా పెడతారు. గోడ నిండా రంగు కాయితాలు. ఆడవాళ్లు నూటికి ఇంతమంది, వికలాంగులు ఇంతమంది, ఇన్ని భాషల వాళ్లు అని పెద్ద మేనేజరు ఇంగ్లీషులో లెక్క చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాల ఎంతమంది, మాదిగ ఎంతమంది, రెల్లి ఎంతమంది, ఎరుకల ఎంతమంది, లంబాడా ఎంతమంది? ఆ లెక్క గోడ మీద లేదు. అడిగినవాళ్లూ లేరు.

"నేనూ చప్పట్లు కొట్టాను బాబాయ్" అంది ఆ పిల్ల.

సాయంత్రం పండగ అయిపోయాక కాగితం పళ్లేలు, గ్లాసులు ఊడవటానికి హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు వచ్చారు. చీర మీద నీలం చొక్కా. ఆ అంతస్తులో వాళ్లు కూచోవడానికి కుర్చీ లేదు. అన్నం మెట్ల కింద తింటారు. అందులో ఒకామె ఈ పిల్ల మాట తీరు పట్టి, "ఏ ఊరమ్మా మీది?" అంది. ఊరి పేరు చెప్పింది. "ఊళ్లో ఎక్కడ?" అంది ఆమె. పిల్లకి గొంతు పట్టుకుపోయింది. పక్కన తనతో పనిచేసేవాళ్లున్నారు. "బస్టాండ్ దగ్గర" అని అబద్ధం చెప్పింది. ఆమె ఇంకేం అడగలేదు. చిన్నగా నవ్వి చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

"ఆమెకి అర్థమైపోయింది బాబాయ్. మా అమ్మని కాదన్నట్టయింది" అంది. ఏడేళ్ల నుంచీ ఆ ఆఫీసులో తన కులం ఎవరికీ చెప్పలేదంట.

ఆ పిల్లని మేం తప్పు పట్టం. చెప్పిన మర్నాడు ఏమవుతుందో ఆమెకి మనకంటే బాగా తెలుసు. మేం చెప్పేది ఆ లెక్క గురించి. అందులో ఆమె ఆడమనిషి కింద లెక్కకి వచ్చింది. వాడ నుంచి వచ్చిన మనిషి కింద రాలేదు. మెట్ల కింద అన్నం తినే ఆడవాళ్లు అసలు ఏ లెక్కలోకీ రాలేదు. ఎందుకంటే వాళ్లు కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు.

పనిచేసే చోట రకరకాల మనుషులు ఉండాలి, అందర్నీ కలుపుకోవాలి అని ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు మాట్లాడుతున్నాయి. మాట్లాడనీయండి, మంచి మాటే. కానీ ఈ దేశంలో లోపల ఎంతమంది ఉన్నారని అడిగితే సరిపోదు. ఎవరి చేతికి ఏ పని ఇచ్చారని అడగాలి. ఒక్క లెక్క చూడండి. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే వాళ్లని పట్టణాల్లో లెక్కబెట్టి 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది. మొత్తం 54,574 మంది. అందులో ఎస్.సి.లు 37,060 మంది. నూటికి 68. కేంద్రంలో ఎస్.సి. రిజర్వేషన్ నూటికి 15. ఆ 15 నింపడానికి ఏళ్ల తరబడి కోర్టులు, కమిషన్లు, ధర్నాలు. ఏ జీవో లేకుండా, ఏ రోస్టరూ లేకుండా మ్యాన్‌హోల్‌లో 68 ఎట్లా నిండింది? అక్కడ మెరిట్ చచ్చిపోతోందని ఒక్క బాబన్నా కోర్టుకి పోయాడా? అక్కడ మాకు ఓపెన్ కేటగిరీ కావాలని ఒక్కరన్నా ధర్నా చేశారా?

ఇది కొత్తగా పుట్టిన సంగతి కాదు. 1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో పెద్ద ఉద్యోగానికి వచ్చారు. రాజే స్వయంగా చదువుకి డబ్బిచ్చి పంపాడు, రాజే ఉద్యోగం ఇచ్చాడు. పైనుంచి చూస్తే కలుపుకున్నట్టే. కానీ ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదకి విసిరేవారని ఆయన జీవితచరిత్రలో ఉంది. తాగడానికి నీళ్లు లేవు. ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరక్క పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగితే, పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఉద్యోగం వదిలి బొంబాయి వెళ్లిపోయారు. గమనించండి, ఆయన కంటే ఎంతో కింద ఉద్యోగం చేసే బంట్రోతు కూడా ఆయన మీద పెత్తనం చేయగలిగాడు. కుర్చీ ఇచ్చింది రాజు. దాన్ని కుర్చీ కాకుండా చేసింది ఆఫీసు.

ఇంకొకటి ఉంది, ఇది మన సంఘాలవాళ్లు మరీ గుర్తుపెట్టుకోవాలి. అప్పట్లో బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలో కూలి ఎక్కువ. ఆ ఖాతాలోకి అంటరాని కులాలవాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. ఎందుకని? నాడెలో దారం తెగినప్పుడు నోటి ఎంగిలి తగలకుండా పని జరగదు. వీళ్ల ఎంగిలి తగిలిన నాడె మేం ముట్టుకోం అన్నారు సవర్ణ కార్మికులు. దాంతో మనవాళ్లకి తక్కువ కూలి ఉన్న ఖాతాలే మిగిలాయి. అడ్డుపడింది షేటు కాదు, పక్కన నిలబడి పనిచేసే తోటి కార్మికుడు! వాళ్లకీ ఎర్రజెండా యూనియన్ ఉంది, వాళ్లూ సమ్మె చేస్తున్నారు. 1928 పెద్ద సమ్మెలో అంబేడ్కర్ ఆ నాయకుల్ని నిలదీశారు. అన్ని ఖాతాల్లోనూ మావాళ్లకి పని దొరకాలని మీ డిమాండ్లలో చేర్చండి, లేకపోతే మావాళ్లని సమ్మెకి రావద్దని చెప్తానన్నారు. ఇష్టం లేకపోయినా చేర్చక తప్పలేదు. ఎంగిలి అని పైకి చెప్పారు, దాని కింద కూలి డబ్బుంది. అంటరానితనం ఎక్కడ చూసినా ఆ పక్కనే ఎవరికో లాభం ఉంటుంది. మడి అంటే ఉత్త మూఢనమ్మకం అని చెప్పే పెద్దమనుషులు ఈ మిల్లు సంగతి చదవాలి.

ఇప్పటి గేటు దగ్గరికి వద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పండితులు ఒక పరీక్ష పెట్టారు, అది 2007లో అచ్చయింది. ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకి ఒకే చదువు, ఒకే అర్హత ఉన్నట్టు దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. కొన్నిటి మీద అగ్రకులం అని తెలిసే పేరు, కొన్నిటి మీద దళితులని తెలిసే పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. దాదాపు అయిదువేల దరఖాస్తులు. అగ్రకులం పేరుకి పిలుపొచ్చే అవకాశంతో పోలిస్తే దళితుల పేరుకి మూడింట రెండొంతులే. ముస్లిం పేరుకి మూడో వంతు. మనిషిని చూడలేదు, మాట్లాడలేదు. కాగితం మీద పేరు చూసి అవతల పడేశారు. మన తెలుగువాళ్లకైతే ఇంత పరీక్షలు అక్కర్లేదు. ఇంటిపేరు చాలు. ఇంటిపేరు పట్టుబడకపోతే ఊరు. ఊరూ పట్టుబడకపోతే, కాఫీ తాగుతూ భుజం మీద చెయ్యేసి "మనోళ్లేనా?" అన్న ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నలో 'మన' ఎవరో అడిగినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు.

ఇక మేడ మీద సంగతి. దేశంలో 1000 పెద్ద కంపెనీల బోర్డుల్లో కూచున్న 9,052 మంది డైరెక్టర్ల కులం లెక్క తీస్తే, 2012లో అచ్చయిన పరిశోధన ప్రకారం నూటికి 93 మంది అగ్రకులాలవాళ్లు. ఎస్.సి., ఎస్.టి.లు కలిపి మూడున్నర. ఇదీ వాళ్ల వైవిధ్యం. 2004లో యు.పి.ఎ. ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట ఎత్తగానే పారిశ్రామికవేత్తలు చట్టం వద్దు, మాకు మేమే మంచి మనసుతో చేస్తాం అన్నారు. ఆ మంచి మనసు కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం.

మంచి మనసు ఎంత గట్టిదో అమెరికాలో చూశాం. ఈ డైవర్సిటీ మాట అక్కడ నల్లవాళ్ల పోరాటాల నుంచి, 1964 పౌర హక్కుల చట్టం వచ్చాక పెరిగింది. మన దళిత మేధావులు కూడా 2002 జనవరిలో భోపాల్ సభలో ఆ మాట అందుకుని, సరుకులు అమ్మే కాంట్రాక్టుల్లో, వ్యాపారాల్లో మా వాటా ఏది అని అడిగారు. అదే అమెరికాలో 2025 జనవరిలో ట్రంప్ గద్దెనెక్కిన రోజే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఆ పథకాలన్నీ ఎత్తేయమని సంతకం పెట్టాడు. ఒక్క సంతకం! మన రాజ్యాంగంలో 16(4) అట్లా ఒక్క సంతకంతో పోదు. అందుకే మేం యజమాని దయ వద్దంటున్నాం, రాసిపెట్టిన హక్కు కావాలంటున్నాం.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. అక్కడి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మన తెలుగువాళ్లు వేలమంది. పెట్టెల్లో ఆవకాయతో పాటు కులాన్నీ సర్దుకుని పోయారు. సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజినీరుని కులం బయటపెట్టి పక్కకి నెట్టారని 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే కేసు వేసింది. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు వెనక్కి తీసుకుని కంపెనీ మీద మాత్రం ఉంచారు. ఆ ఏడాదే ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని చట్టంతో నిషేధించింది, అమెరికాలో అట్లా చేసిన మొదటి నగరం అదే. అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ పాస్ చేసిన బిల్లుని మాత్రం గవర్నరు, ఉన్న చట్టాలు చాలు అని తిప్పి పంపాడు. ఆ మాట మేం ఇక్కడా రోజూ వింటున్నాం.

ప్రైవేటు పోనీండి, సర్కారు ఆఫీసుల సంగతేంటి? అక్కడ రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఉంది. దాని వల్లే మన వాడల్లో టీచర్లు, గుమాస్తాలు, అక్కడక్కడా ఆఫీసర్లు ఉన్నారు. ఆ తిండి తిన్నవాళ్లం, కాదనం. కానీ ఆ ఆఫీసు లోపలికి వెళ్లి కాసేపు నిలబడండి. ఊడ్చే ఆమె ఏ వాడ నుంచి వచ్చింది? మరుగుదొడ్డి కడిగే మనిషి ఎవరు? ఆ పనిలో రోస్టర్ లేకుండానే మనం నిండిపోయి ఉంటాం. టీ వచ్చినప్పుడు చూడండి, ఆమెకి గాజు గ్లాసు ఇస్తున్నారా, కాగితం గ్లాసు ఇస్తున్నారా? ఇప్పుడు కాగితం గ్లాసులు వచ్చాక పెద్దమనుషులకి భలే సుఖమైంది. వెనకటి రెండు గ్లాసుల హోటలు అయితే ఫోటో తీసి కేసు పెట్టేవాళ్లం. కాగితం గ్లాసుకి కేసు ఎట్లా పెడతాం!

గ్లాసు కంటే పెద్ద మోసం ఇంకోటి జరుగుతోంది. వెనక స్వీపరు, అటెండరు, వాచ్‌మన్, డ్రైవరు పోస్టులు పర్మినెంటుగా ఉండేవి. మన నాయనలు ఆ ఉద్యోగాలతోనే మనల్ని చదివించారు. ఆ పోస్టులు ఒక్కొక్కటే ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ చేతికి పోయాయి. పని అదే, మనిషీ అదే. జీతం సగం, పింఛను లేదు, ఇంక్రిమెంటు లేదు, పి.ఎఫ్. కడుతున్నాడో లేదో దేవుడికి తెలియాలి. కేంద్ర కొలువుల్లో అయితే 45 రోజులు దాటిన తాత్కాలిక నియామకానికి కూడా రిజర్వేషన్ ఉండాలి. ఏజెన్సీ పంపిన మనిషి నియామకం కిందకే రాడు, సరుకు కిందకి వస్తాడు. రిజర్వేషన్ ఎత్తేస్తామని ఏ పార్టీ అన్నా మనం రోడ్డెక్కుతాం. అందుకని ఎత్తేయలేదు. ఉద్యోగాన్నే ఎత్తేశారు.

వంట సంగతి చూడండి. చీపురు పని మాకిచ్చే ఊరు గరిటె మాత్రం ఇవ్వదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకి, గిరిజనులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్ని ఊళ్లలో అమలైంది? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ బడిలో దళిత వంటామె వండితే అగ్రకులాల పిల్లలు తినలేదు. అధికారులు పిల్లల తల్లిదండ్రుల్ని మందలించారా? లేదు, నియామకం రూలు ప్రకారం జరగలేదని వంటామెని తీసేశారు. అప్పుడు దళితుల పిల్లలు ఒక పని చేశారు. ఆమె బదులు వచ్చిన అగ్రకులం ఆమె వండిన అన్నం మేమూ తినం అన్నారు. గోల దేశమంతా తెలిశాక వంటామెని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఆ పిల్లలకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, వాళ్లంతట వాళ్లకే తట్టింది.

జైలు కూడా పనిచోటే. అక్కడా వంట ఒక కులానికి, పాకీ పని ఇంకో కులానికి అని పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల జైలు రూల్సులోనే రాసి ఉండేది. సుకన్యా శాంత అనే పత్రికా విలేకరి వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ రూల్సు కొట్టేసింది. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి 77 ఏళ్లయింది. దొంగతనం చేసి జైలుకి పోయినా మనవాడి చేతికి చీపురే ఇచ్చారు.

"ఆఫీసులోకి కులాన్ని ఎందుకు తెస్తారండీ?" అని అడిగే మంచివాళ్లు ఉన్నారు. అయ్యా, మేం తేలేదు. మేం వచ్చేసరికే అది కుర్చీలో కూచుని ఉంది. క్యాంటీన్‌లో శాకాహారుల బల్ల వేరుగా వేసినప్పుడు అది అక్కడే ఉంది. ఎండుచేపల కూరో, పెద్దకూరో తెచ్చుకున్నవాడు క్యారేజీ మూత తియ్యడానికి భయపడుతున్నాడంటే అది అక్కడే ఉంది. ఆ మనిషి ఆ ఆఫీసులో జీతం తీసుకుంటున్నాడు గానీ చేరలేదు. ఆడవాళ్లపై వేధింపుల మీద పదిమంది ఉన్న ప్రతి ఆఫీసులో కమిటీ ఉండాలని 2013లో చట్టం వచ్చింది. అది ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో భన్వరీ దేవి, కుమ్మరి కులం మనిషి, ప్రభుత్వ కార్యకర్తగా బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో ఆమె మీద అత్యాచారం చేశారు. ఆమె పట్టుదలలో నుంచే 1997 సుప్రీంకోర్టు తీర్పు, తర్వాత ఆ చట్టం వచ్చాయి. కులం గురించి చెప్పుకోవడానికి కంపెనీల్లో అట్లాంటి కమిటీ ఏది? మేం అడిగేది కొత్త కోరికేం కాదు. ఉన్న అట్రాసిటీ చట్టంలోనే, 2015 సవరణ తర్వాత, అందరికీ హక్కున్న ఉద్యోగం గానీ వృత్తి గానీ ఎస్.సి., ఎస్.టి.లని చేసుకోనివ్వకపోతే నేరం. ఆ సంగతి ఆ మేనేజర్లకి చెప్పినవాళ్లు లేరు.

ఇంత రాశాక మన ఇంటి సంగతి దాచుకుంటే సిగ్గుచేటు. ఎస్.సి. అని ఒకే గుంపుగా లెక్క చెప్తే లోపల ఎవరు మిగిలిపోయారో కనపడదు. 1994లో దండోరా లేచింది ఈ ప్రశ్న మీదే. 2000లో వచ్చిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి వర్గీకరణ చేసుకోవచ్చంది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలులోకి వచ్చింది. దీనిమీద మా పాఠకుల్లో రెండు అభిప్రాయాలున్నాయి, ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మేం అనేది ఒక్కటే. మునిసిపాలిటీ చీపుర్ల దగ్గర రెల్లి అక్కలు ఎంతమంది ఉన్నారు, మన ఉద్యోగ సంఘాల కార్యవర్గంలో ఎంతమంది ఉన్నారు? మన సభల్లో వేదిక మీద ఆడవాళ్లు ఎంతమంది, వెనక గిన్నెలు కడిగేవాళ్లు ఎంతమంది? ఊరి దొరని అడిగే ప్రశ్న మనల్ని మనం కూడా అడుక్కోవాలి. అడిగితే కొందరు అన్నలకి కోపం వస్తుంది. రానీయండి.

ఇక పని. మీ మండలాఫీసులో, మునిసిపాలిటీలో, ఆస్పత్రిలో, బడిలో ఊడ్చేవాళ్లు, కడిగేవాళ్లు, వండేవాళ్లు ఎవరు, ఎంతమంది పర్మినెంటు, ఎంతమంది ఏజెన్సీ కింద అని సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రోస్టర్ రిజిస్టరు కాపీ కూడా అడగండి, చూపించడానికి వాళ్లు చాలా ఇబ్బంది పడతారు. జవాబులో ఏజెన్సీ పేరు వస్తే, పి.ఎఫ్. కట్టిన రసీదులు అడగండి. నెలాఖరులో ఊళ్లో పౌర హక్కుల దినం జరిపి తహసీల్దారు, ఎస్.ఐ. వచ్చినప్పుడు, గుడి గురించీ హోటలు గురించీ అడిగినట్టే, మీ ఆఫీసులో టీ గ్లాసుల సంగతి ఏంటని వాళ్లనే అడగండి. అడిగేటప్పుడు ఒక్కరే పోకండి.

వచ్చిన జవాబుల నకళ్లు మాకు పంపండి. పనిచేసేవాళ్ల పేర్లు మాత్రం కొట్టేసి పంపండి, వాళ్ల పని పోకూడదు. హైదరాబాద్ పిల్ల తన ఆఫీసులో హౌస్‌కీపింగ్ వాళ్ల జీతం చీటీ ఒకటి చూసి రాస్తానంది. వచ్చే సంచికకి అందితే వేస్తాం.